నిన్నటి అంకె

కారు బాగుచేసేవాళ్ళంటే నాకు మొదటి నుంచీ పెద్దగా గౌరవం లేదు. 2015 ఎండాకాలంలో ఉన్న కాస్తా పోయింది. మా తెల్ల కారును ముగ్గురు విప్పారు, ముగ్గురు బిగించారు, ముగ్గురూ "సరిపోయింది సార్" అన్నారు. శ్రీనివాసపురంలో ఒకాయన ప్లగ్గులు మార్చాడు. చింతామణి రోడ్డులో ఇంకొకాయన పెట్రోలు పంపు మార్చి, నేను ఎక్కడో నీళ్ళు కలిసిన పెట్రోలు పోయిస్తున్నానని నన్నే తిట్టాడు. కోలారులో మూడోది పెద్ద షెడ్డు. అద్దాల తలుపులు, ఏసీ గది, చొక్కా మీద పేరు కుట్టించుకున్న మేనేజరు. ఆయన కంప్యూటరు తెచ్చి కారుకు తగిలించి, తెర నా వైపు తిప్పి, "చూడండి సార్, జీరో ఫాల్ట్" అన్నాడు. కారు ఎదురుగా ఉంది, అంటుకోవడం లేదు, పెట్రోలు కంపుకు అందరం ముక్కులు మూసుకుని నిలబడ్డాం. అయినా కంప్యూటరు ఏమీ లేదంది కాబట్టి ఏమీ లేదు. మామూలు మూర్ఖుణ్ణి భరించవచ్చు గానీ యూనిఫారం తొడుక్కున్న మూర్ఖుణ్ణి భరించడం నా వల్ల కాదు.

ఆ కారు మాకు షోకు కోసం కాదు. నా భార్య సుమకు రెండు కిడ్నీలూ పనిచేయడం మానేశాయి. ఆ ఏడు జనవరి నుంచి సోమ, గురువారాల్లో గౌనిపల్లి నుంచి కోలారు తీసుకెళ్ళి డయాలసిస్ చేయించాలి. నాలుగు గంటలు మిషను మీద పడుకుని లేచిన మనిషి బస్సులో నిలబడి రాలేదు. వారానికి రెండుసార్లు అద్దె బండి అంటే హైస్కూలు సైన్సు మేష్ట్రు జీతం చాలదు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు మా కారు బుద్ధిగా వెళ్ళేది. తిరుగు ప్రయాణంలో ఎండలో ఎక్కడైనా పది నిమిషాలు ఆపితే మాత్రం మళ్ళీ స్టార్ట్ అయ్యేది కాదు. గంట చల్లారాక నల్లటి పొగ వదులుతూ కదిలేది.

ఏప్రిల్ చివరి గురువారం శ్రీనివాసపురంలో మందుల షాపు దగ్గర ఆపాను. మధ్యాహ్నం రెండు గంటలు. మందులు తీసుకుని వచ్చి తాళం తిప్పితే ఇంజను గురకపెట్టింది గానీ అంటుకోలేదు. ముప్పావు గంట తరవాత సుమ తల తలుపు మీదికి వాలిపోయింది. పిలిస్తే పలకలేదు. సోడా బండి ఆయన ముఖం మీద నీళ్ళు చల్లి, కాళ్ళు ఎత్తి పట్టుకుంటే కళ్ళు తెరిచింది. కోలారు ఆసుపత్రికి ఫోన్ చేస్తే, ఇంకోసారి ఇలా జరిగితే మనిషి దక్కకపోవచ్చని చెప్పారు. నాకు ఎంత భయం వేసిందంటే, ఆ రోజు ఇంటికొచ్చాక ఎవరి మీద అరవాలో తెలియక పాలవాడి మీద అరిచాను.

ఆసుపత్రిలో నాకు మంచి పేరుండేది, అది కూడా చెప్పాలి. డాక్టరు సుమను రోజూ పొద్దున ఆరింటికి కాటా ఎక్కించి బరువు రాయమన్నాడు. కిడ్నీ పేషెంటు ఒంట్లో నీళ్ళు చేరితే బరువులోనే తెలుస్తుంది. అప్పుడు తాగే నీళ్ళు తగ్గించాలి. తగ్గించకపోతే మిషను మీద అంతా ఒక్కసారే లాగాల్సి వస్తుంది, మనిషి కూలబడిపోతుంది. నేను జేబులో పట్టే నోటుబుక్కు కొని, గళ్ళు గీసి, ఎర్ర సిరాతో తేదీలు వేసి రాశాను. నర్సు ఆ పుస్తకాన్ని పక్క మంచాల వాళ్ళకు చూపించి, "మేష్ట్రుగారిని చూసి నేర్చుకోండి" అనేది. నేను సిగ్గుపడినట్టు నటించేవాణ్ణి. ఒకసారి ఆమె, "మా కాటాలో మీ పుస్తకం కంటే రెండు కిలోలు ఎక్కువ చూపిస్తా ఉండాది సార్" అంది. మీ కాటా చెడిపోయింది, బాగుచేయించండి అన్నాను. ఈ దేశంలో ఒక్క కాటా అయినా సరిగా ఉండదని కూడా అన్నాను. ఆమె తన కాగితంలో రాసుకుని వెళ్ళిపోయింది.

ఆ డయాలసిస్ వార్డులోనే మార్తా అనే ఆయమ్మ పనిచేసేది. చక్రాల కుర్చీలు తోసేది. బంగారు గనుల ఊరు కేజీఎఫ్ నుంచి రోజూ బస్సులో వచ్చేది. కారు సంగతి విని, "మా ఇంటాయన దగ్గరికి తీసకపో సార్" అంది. "ఆస్టిన్ అని ఆండర్సన్‌పేటలో షెడ్డుండాది. నోరు మంచిది కాదు. నువ్వు ఓర్చుకోవాల."

నోరు మంచిది కాని మనిషిని ఓర్చుకోమని ఒకరు నాకు చెప్పడం కొత్త. సాధారణంగా ఆ మాట నా గురించి చెబుతారు.

ఆస్టిన్‌కు అప్పుడు యాభై అయిదు దాటి ఉంటాయి. బక్క మనిషి, తెల్లటి కనుబొమలు. షెడ్డంటే నాలుగు రేకులు, ఒక చింత మొద్దు, అవతల బంగారం తీసేశాక గనివాళ్ళు పోసిన సైనైడు మట్టి దిబ్బ. బెంగళూరు నుంచి ఆ దిబ్బల మీద ఫోటోలు దిగడానికి వచ్చిన ఒక జంట దారి అడిగితే, "గని యాడ అంటారా? కాళ్ళ కింద ఉండాది, దూకండి" అని పంపేశాడు. నాకు వెంటనే నచ్చాడు.

షెడ్డు గుమ్మంలో ఒక నైలాను కుర్చీ, అందులో నోరు కొంచెం తెరుచుకుని కూర్చున్న ఒక మనిషి. పేరు డెరిక్ అనీ మార్తా తమ్ముడనీ తరవాత తెలిసింది. నలభై అయిదు ఉంటాయేమో. పలకరిస్తే నవ్వుతాడు, మాట లేదు. అతని తల పక్కన మేకుకు ఒక పాతకాలపు థర్మామీటరు వేలాడుతోంది. ఆస్టిన్ పని మధ్యలో లేచి, ఆ థర్మామీటరు చూసి, కుర్చీని రెండడుగులు నీడలోకి జరిపి, మళ్ళీ వచ్చి పనిలో కూర్చునేవాడు. నేనున్న అరగంటలో మూడుసార్లు జరిపాడు. ఎండ కదిలితే కంటికి కనబడదా, దానికి థర్మామీటరు ఎందుకు అనుకుని నాలో నేను నవ్వుకున్నాను.

నా కథంతా వినకముందే చెయ్యి అడ్డం పెట్టాడు. "ఎవురెవురు ఏమేమి మార్చినారో నాకొద్దు. కంప్యూటర్లో నంబర్లు ఎవురన్నా చదివినారా?"

"ఫాల్టు లేదన్నారు."

"ఫాల్టు అడగలా నేను. నంబర్లు. ఇంజన్ నీళ్ళ వేడెంత, లోపలికి పోయే గాలి వేడెంత, అవి చదివినారా?"

తెలియదన్నాను.

"ఏం పాఠం చెప్తావు నువ్వు?"

"సైన్సు."

"థర్మామీటరు పాఠం ఉండాదా అందులో?"

ఉందన్నాను. తొమ్మిదో తరగతికి ఏటా చెబుతాను. ఆయన నన్ను కింది నుంచి పై దాకా ఒకసారి చూసి, బండి వదిలేసి పొద్దున ఆరున్నరకు రమ్మన్నాడు. ఈలోగా ఎవరూ తాళం ముట్టకూడదట. అది శనివారం సాయంత్రం. సుమ దగ్గర మా అక్క ఉంది. నేను బంగారపేటలో స్నేహితుడి ఇంట్లో పడుకుని ఆదివారం పొద్దున ఆరుంబావుకే షెడ్డుకు చేరుకున్నాను. సోమవారం డయాలసిస్ ఉంది. ఆ ఒక్క రోజే మిగిలింది.

ఆస్టిన్ బానెట్ తీసి, డెరిక్ పక్కనుండే థర్మామీటరు తెచ్చి గాలి గొట్టం దగ్గర వేలాడదీశాడు. పది నిమిషాలు ఎవరినీ మాట్లాడనివ్వలేదు. ఇరవై మూడు డిగ్రీలు. తరవాత కారు కంప్యూటరులోని అంకెలు చూపించే, అరచేతిలో పట్టే పాత స్కానరు తగిలించి, ఇంజను నడపకుండా తాళం మాత్రం తిప్పాడు. "పేపరుండాదా?" అన్నాడు. నా జేబులో నోటుబుక్కు తప్ప ఏమీ లేదు. వెనక పేజీలో రాసుకోమని ఇచ్చాను.

నీళ్ళు ఇరవై మూడు. గాలి ఎనిమిది.

"ఏమర్థమైంది మేష్ట్రూ?"

రాత్రంతా కదలకుండా ఉన్న కారులో నీళ్ళకూ గాలికీ బయటికీ ఒకటే వేడి ఉండాలి. అది నా పాఠంలోదే. మే నెలలో, కోలారు జిల్లాలో, ఎనిమిది డిగ్రీలు. మా దగ్గర పుష్య మాసంలో కూడా అంత చలి ఉండదు. ఏసీ గదిలో మేనేజరు నా వైపు తిప్పిన తెర మీద ఈ అంకె ఏదో మూల ఉండే ఉంటుంది. నేనూ ఆ తెర వైపు చూశాను.

తరవాత కారును నడిపి వేడెక్కించి, ఆపి, పది నిమిషాలు వదిలేశాడు. నీళ్ళు తొంభై నాలుగు. గొట్టంలో దూర్చిన థర్మామీటరు యాభై ఒకటి. స్కానరులో గాలి ఎనిమిది. స్టార్ట్ చేస్తే కాలేదు, అదే పెట్రోలు వాసన.

"చల్లగాలి చిక్కగా ఉంటాది. గాలి వేడి కొలిచే సెన్సారు చల్లగా ఉండాదని చెప్తే బండిలోని కంప్యూటరు నమ్మి పెట్రోలు ఎక్కువ పోస్తాది. లోపల యాభై డిగ్రీల పల్చటి గాలి. పెట్రోల్లో ప్లగ్గులు మునిగిపోయె. ఇంగ యాడ అంటుకుంటాది?"

"అయితే సెన్సారు మార్చేద్దాం."

"ఆత్రం! వైరు తప్పయితే? వాళ్ళకూ నీకూ ఏం తేడా?"

గాలి గొట్టంలో గుచ్చి ఉన్న ఆ వేలంత సెన్సారుకు రెండు వైర్లు. వాటిని ఊడబీకాడు. స్కానరులో అంకె సున్నాకు కింద నలభైకి పడిపోయింది. ఊడిన ప్లగ్గులో రెండు కొనలను చిన్న తీగ ముక్కతో కలిపాడు. అంకె నూట ఇరవై దాటిపోయింది. వైర్లూ బాగున్నాయి, కంప్యూటరూ బాగుంది, పంపిన అంకెను సరిగానే చదువుతోంది. ఇక సెన్సారునే పట్టుకున్నాడు. మార్తా ఇంట్లోంచి చెంబుతో మరిగే నీళ్ళు తెచ్చిపెట్టింది. మీటరు తీగలు తగిలించి సెన్సారు కొనను నీళ్ళలో ముంచాడు. వేడెక్కితే సెన్సారు రెసిస్టెన్సు తగ్గి మీటరులో అంకె పడిపోవాలి. పడలేదు. పాత డబ్బాలోంచి అలాంటిదే ఇంకో సెన్సారు తీసి ముంచాడు. అంకె జారిపోయింది. నీళ్ళు చల్లారే కొద్దీ మెల్లగా పైకెక్కింది. నేను ఏడేళ్ళుగా బల్ల మీద పిల్లలకు చూపించే ప్రయోగం కంటే అది తేలిక.

"మరి కంప్యూటరు ఎందుకు పట్టుకోలేదన్నా?" అన్నాను. అన్నా అని నేనెవరినీ అంత తొందరగా పిలవను.

"ఇది చచ్చిపోలా మేష్ట్రూ. చచ్చిపోయింటే పట్టుకొనుండు. ఎనిమిది డిగ్రీలు లోకంలో లేని అంకె కాదు గదా. నమ్మేటట్టుండాది. నిన్నటి లెక్కనే ఈ దినమూ రాసిస్తా ఉండాది, అంతే."

రెండో సెన్సారు బిగించి, నోటుబుక్కులో కొత్త అంకెలు రాయడానికి పేజీ తిప్పాడు. చేతికి నూనె ఉండటం వల్ల రెండు మూడు పేజీలు ఒకేసారి తిరిగిపోయాయి. నా గళ్ళు, నా ఎర్ర తేదీలు బయటపడ్డాయి. ఆయన ఆగి చదివాడు. 51.4, 51.6, 51.5, 51.6, 51.4. వెనక్కి రెండు పేజీలు తిప్పి చదివాడు. ముందుకు తిప్పి చివరి వరుస చదివాడు. "ఇది ఎవురిది?"

"నా భార్య బరువు. డాక్టరు రోజూ రాయమన్నాడు."

పుస్తకం మూసి మోకాలి మీద పెట్టుకున్నాడు. లేచి డెరిక్ కుర్చీని జరిపి వచ్చి కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు. నేను అడగలేదు.

ఆస్టిన్ తండ్రి గనిలో డ్రిల్లరు. ఆస్టిన్‌కు పంతొమ్మిదో ఏట వెంటిలేషన్‌లో పని దొరికింది. గనిలో లోతుకు పోయే కొద్దీ రాయి కాగుతుంది. పైనుంచి గొట్టాల్లో గాలి పంపాలి. ఆస్టిన్ పనల్లా రెండు థర్మామీటర్లున్న చట్రాన్ని చేత్తో గిరగిరా తిప్పుకుంటూ ప్రతి పనిచోటికీ నడిచి, గాలి ఎంత వేడిగా ఉందో చూసి పుస్తకంలో రాయడం. అంకె హద్దు దాటితే అక్కడి మనుషుల్ని పైకి లాగుతారు. గని మూసేశాక ఎనిమిదేళ్ళు పొద్దుటి రైల్లో బెంగళూరు పోయి ఒక కార్ల షెడ్డులో వైర్ల పని నేర్చుకున్నాడు. తనకు తెలిసిన విద్య ఒకటే అన్నాడు, వేడి కొలవడం.

"ఎనభై తొమ్మిదిలో ఒక దినం దిగినా. కేజ్, అదే గని లిఫ్టు, దిగే కాడ గాలి చల్లగా ఉంటాది. ఆడ కూర్చొని ఇడ్లీ తిన్నా. చివరి చోటికి అరగంట నడవాల, వంగి. నిన్న ముప్పై నాలుగు. మొన్న ముప్పై నాలుగు. ఈ దినం మాత్రం ఏం మారుంటాది అనుకొని ముప్పై నాలుగే రాసేసినా. ముందు రాత్రే గాలి గొట్టం చిరిగిండె. ఆడ నలభై మూడు ఉండె. పుస్తకంలో ముప్పై నాలుగుండాదని ఎవురూ వాళ్ళను పిలవలా. ఆడుండింది వీడు."

డెరిక్ తన పేరు వినకపోయినా మా వైపు చూసి నవ్వాడు. ఆ రోజు కూలిన మనిషికి ప్రాణం నిలిచింది గానీ మాట పోయింది. ఒంటికి చెమట పట్టదు. ఎండ కాస్త తగిలినా జ్వరం వచ్చేస్తుంది.

"తప్పు గొట్టం మీదికి పోయింది. నన్ను ఎవురూ అడగలా. అంకె నమ్మేటట్టుండె గదా. ఇరవై ఏండ్లు మింగుకొని, షెడ్డు పెట్టినాక మార్తాకు చెప్పినా. అది ఏడవలా, తిట్టలా. మరుదినం పొద్దున కుర్చీ తెచ్చి ఈడ వేసి, వీణ్ణి కూర్చోబెట్టి, 'చూసుకో' అని బస్సెక్కి పనికి పోయింది."

అంత వరకూ నాకు నచ్చిన మనిషి మీద నాకు అసహ్యం పుట్టింది. ఇడ్లీ తింటూ కూర్చుని ఒక మనిషి నోరు తీసేశాడు. ఇంకొకడి ప్రాణం తన పుస్తకంలో ఉందని తెలిసీ, అరగంట నడవడానికి బద్ధకించాడు. అలాంటివాణ్ణి నేనైతే గుమ్మం తొక్కనివ్వను అనుకున్నాను. అది నా ముఖంలో కనబడే ఉంటుంది.

ఆయన తాళమూ నోటుబుక్కూ కలిపి నా చేతిలో పెట్టాడు. "బండి నిన్ను ఇంగ దారిలో వదలదు. ఆదివారం పొద్దున ఆరు గంటలు, యాభై ఒకటి పాయింటు ఆరు అని రాసినావు మేష్ట్రూ. ఆదివారమంటే ఈ దినం. నువ్వు నిన్నటి నుంచి ఇంట్లో లేవు."

ఇంటి నుంచి ఫోన్ చేసి చెప్పారు అనబోయాను. అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. ఆయన అప్పటికే లేచి థర్మామీటరును మేకుకు తగిలిస్తున్నాడు.

కారు బ్రహ్మాండంగా నడిచింది. కోలారులో ఎండ మొదలయ్యాక కావాలనే ఆపి, పావు గంట ఆగి తాళం తిప్పాను. ఒక్క తిప్పుకే అంటుకుంది. సంతోషించాల్సిన దారి అంతా నేను లెక్కలు వేసుకుంటూ వచ్చాను. మొదటి రెండు నెలలు నిజంగానే తూచాను. మార్చిలో పరీక్ష పేపర్లు దిద్దే హడావిడిలో రెండు రోజులు తప్పితే, ఖాళీ గడులు చూడ్డానికి బాగుండవని నింపాను. నర్సు మెచ్చుకుంది. తరవాత కాటా మంచం కింద నుంచి బయటికి రాలేదు. ఏప్రిల్లో సెలవులు, మేలో సెలవులు, నాకు వేరే పని కూడా లేదు. ఆ సెన్సారుకు ఒకే అంకె తెలుసు. నేను చదువుకున్నవాణ్ణి, చుక్క తరవాతి అంకె రోజూ మార్చేవాణ్ణి. శనివారం ఊరికి బయల్దేరే ముందు, ఆదివారం మరిచిపోతానేమోనని ముందే రాసి పెట్టుకున్నాను. అద్దాల గది మేనేజరును నెల రోజులుగా తిడుతున్నది ఈ మనిషే.

ఇంటికి వచ్చేసరికి పన్నెండు. సుమ మంచం మీద కూర్చుని ఉంది. చీలమండలు ఉబ్బి ఉన్నాయి. అవి ఎన్నాళ్ళ నుంచి అలా ఉన్నాయో నాకు తెలియదు. మంచం కిందికి దూరి కాటా లాగాను. దాని మీద దుమ్ము అట్టకట్టి ఉంది. తుడిచి సుమ ముందు పెట్టాను. చెయ్యి పట్టుకుని ఎక్కించాను.

54.2.

దింపి, కాటాను చదునైన చోటికి జరిపి, మళ్ళీ ఎక్కించాను. 54.2.

సుమకు పుస్తకంలోని అంకెలు తెలుసు. రోజూ కాటా ఎక్కించకపోయినా నేను ఏదో లెక్కగట్టే రాస్తున్నానని ఆమె నమ్మకం, నర్సు మెచ్చుకున్నప్పుడల్లా ఆమే నాకంటే ఎక్కువ మురిసిపోయేది. కిందికి వంగి చూసి, "అంత ఉండనులే. కాటా చెడిపోయిందేమో చూడు" అంది.

"లేదు సుమా," అన్నాను. "కాటా సరిగ్గానే ఉండాది."